రాగి గొట్టపు మూతి - దానిని సిద్ధపరచు పనిముట్లు

మన సంఘ సభ్యులలో డీజిలు ఇంజనులతో నీరు తోడుకొనువారు పెక్కుమంది కలరు. పాల సేకరణ జరుగు గ్రామములలో పాలను చల్లబరచు యంత్రములును నెలకొన్నవి. ఈ రెండు యంత్రములకును పైకి చూచిన పోలిక యేమియు లేదు. అయినను రెండింటియందును చిటికెనవ్రేలి లావున రాగి గొట్టములు కొన్ని కలవు. ఇంజనునందు అవి నూనె తొట్టినుండి వడపోత డబ్బాకును, అచ్చటినుండి పంపునకును డీజిలును కొనిపోవును. శీతల యంత్రమునందు పాలలోని వేడిని మోసికొనిపోవు వాయువును త్రిప్పును. క్రొత్త ఇంజనులలో రాగికి బదులు ఉక్కు, రబ్బరు, ప్లాస్టికు గొట్టములు విరివిగా వచ్చినవి గాని, పాత ఇంజనులలోను, ఊరి మెకానిక్కు చేయి పడినవానిలోను రాగి నేటికిని కలదు.

ఈ గొట్టములు నడిమి భాగమున చెడుట తక్కువ. చెడునది అతుకు. అతుకునందును తరచుగా చెడునది నట్టు గాదు, నట్టు లోపల దాగియున్న గొట్టపు మూతి. ఈ సంగతి తెలియక మనవారు అతుకు కారుచుండగా చూచిన వెంటనే పానా తీసి నట్టును బిగింతురు. ఒకనాడు ఆగును, మరునాడు మరల కారును. మరల బిగింతురు. పిమ్మట సబ్బు ముద్ద పెట్టుదురు, నూలుదారము చుట్టుదురు, మరలపై తెల్లని టేపు చుట్టుదురు. ఇవన్నియు రోగమొకచోట నుండగా మందు వేరొకచోట రాచుటయే.

సెకనుకొక చుక్క చొప్పున డీజిలు కారుచున్నదనుకొందము. ముప్పది చుక్కలకొక మిల్లీలీటరని లెక్కించినను, పది గంటలు నడచిన ఇంజను క్రింద 36,000 చుక్కలు, అనగా 1,200 మిల్లీలీటర్లు నేలపాలగును. తొట్టి ఇంజనుకంటె ఎత్తున నున్నచో నష్టము ఇంతటితో సరి. తొట్టి దిగువన నుండి, చిన్న పంపు నూనెను పైకి పీల్చు ఏర్పాటైనచో చుక్కయు బయట కనబడదు. అప్పుడు ఆ చెడిన అతుకే గాలిని లోనికి పీల్చును. గాలి చేరిన నూనెను ఇంజెక్షను పంపు ఒత్తజాలదు. ఇంజను దగ్గి దగ్గి నిలిచిపోవును. వరి పొట్టమీద నున్న దినములలో, అర్ధరాత్రి నీటి వంతు వచ్చినపుడు ఇట్లు నిలిచినచో రైతునకు కలుగు నష్టము డీజిలు వెలతో కొలువదగినది కాదు.

పాల యంత్రము సంగతి ఇంతకంటె పెద్దది. ఇంజను నిలిచిన నష్టము ఒక్కని పొలమునకు. పాల యంత్రములోని వాయువు రహస్యముగా జారిపోయినచో ఆ పూట పాలు పోసిన ఇండ్లన్నింటికిని నష్టమే. పొదుగునుండి వచ్చిన పాలు మన ఒంటి వేడికి దగ్గరగా నుండును. వానిని 4 డిగ్రీల సెంటిగ్రేడు వరకు త్వరగా దింపనిచో సూక్ష్మజీవులు పెరిగి పాలు విరుగును. ఇట్టి పనులకు పట్టణమునుండి మెకానిక్కు వచ్చువరకు వేచియుండుట కంటె, ప్రతి సంఘమును కొలదిపాటి పనిముట్లను కొని, ఇద్దరు ముగ్గురు యువకులకు వాని వాడుక నేర్పించుట మేలు. అందుకు ఉపకరించునని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందుగా అతుకు ఎట్లు కారకుండ నిలుచునో తెలిసికొనవలెను. సన్నని రాగి గొట్టములకు వాడు అతుకులలో ముఖ్యమైనది ఫ్లేరు అతుకు. గొట్టపు మూతిని ఉమ్మెత్తపువ్వువలె, లేక సన్నాయి మూతివలె విప్పారునట్లు చేయుదురు. దానినే ఫ్లేరు అందురు. ఫిట్టింగు యొక్క ముక్కు కూడ అదే వాలుతో నున్నగా చెక్కబడియుండును. నట్టు వెనుకనుండి వచ్చి ఈ విప్పారిన మూతిని ఆ ముక్కుపై నొక్కును. మెత్తని రాగి గట్టి ఇత్తడిపై అంటి, నడుమ వెండ్రుకవాసి సందు లేకుండ కూర్చుండును. కారకుండ ఆపునది ఈ రెండు వాలుల కలయికయే గాని మరలు కావు. మరల పని నొక్కుటయే. కనుకనే మరలపై టేపు చుట్టిన ప్రయోజనము లేదు. పైగా టేపు పీలికలు లోనికి జారి వడపోతకు అడ్డుపడును.

ఆ వాలును గురించి ఒక్క మాట. శీతల యంత్రములందును, నూనె గొట్టములందును వాడు ఫ్లేరు 45 డిగ్రీలది. ట్రాక్టరుల హైడ్రాలిక్కు గొట్టములలోను, విమానములలోను వాడునది 37 డిగ్రీలది. రెండును చూచుటకు ఒక్కటివలెనే యుండును. కొన్ని కొలతలలో నట్టు కూడ ఎక్కును. కాని ఒకదాని మూతి మరియొకదాని ముక్కుపై సన్నని గీతగా మాత్రమే తాకును. ఎంత బిగించినను నిలువదు. పాత సామానుల దుకాణములో ఫిట్టింగులు కొనువారు దీనిని గమనింపవలెను.

గొట్టపు కొలత మాటయు ఇక్కడనే చెప్పుట మంచిది. శీతల యంత్రముల గొట్టమును బయటి వ్యాసముతో పిలుతురు. పావు అంగుళమనగా 6.35 మిల్లీమీటర్లు, మూడెనిమిదవ వంతులనగా 9.52, అరంగుళమనగా 12.7. నీటి కుళాయిల పనికి అమెరికా కొలతలతో వచ్చు గొట్టములలో మాత్రము పేరు ఒకటి, కొలత ఒకటి. వాని బయటి వ్యాసము పేరుకంటె అంగుళములో ఎనిమిదవ వంతు ఎక్కువగా నుండును. ఇవి చాలక మెట్రిక్కు గొట్టములు కూడ బజారున కలవు. 8 మిల్లీమీటర్ల గొట్టము అయిదు పదహారవ వంతుల అంగుళపు రంధ్రములో, అనగా 7.94 మిల్లీమీటర్లలో, ఇంచుమించు సరిపోవును. కాని 6 మిల్లీమీటర్లది పావు అంగుళపు రంధ్రములో పట్టు దొరకక జారిపోవును. 10 మిల్లీమీటర్లది 9.52 రంధ్రములో నలిగి గాటు పడును. కాబట్టి చేతి అంచనాతో కొనక, పాత ముక్కను దుకాణమునకు తీసికొనిపోయి వెర్నియరు కొలబద్దతో కొలిపించి తెచ్చుకొనవలెను.

ఇక పనిముట్లు. మొదటిది గొట్టమును కోయునది. దుకాణములలో దీనిని ట్యూబు కట్టరు అని అడుగవలెను. అరచేతిలో ఇముడు ఈ పనిముట్టునందు ఒక ప్రక్క పదునైన చిన్న ఉక్కు చక్రమును, ఎదుటి ప్రక్క రెండు నున్నని దొర్లు కణికలును ఉండును. గొట్టమును నడుమ నుంచి, పిడిని త్రిప్పి చక్రము గొట్టమునకు తాకునట్లు చేసి, పనిముట్టును గొట్టము చుట్టు ఒక చుట్టు త్రిప్పవలెను. తరువాత పిడిని కొంచెము, పావు చుట్టునకు మించకుండ బిగించి, మరల త్రిప్పవలెను. ఇట్లు పది పండ్రెండు చుట్లలో గొట్టము రెండగును. తొందరపడి ఒక్కమారుగా బిగించినవారికి గొట్టము తెగుటకు ముందు నలుగును. మూతి గుండ్రముగా నుండక కోడిగ్రుడ్డు ఆకారమగును. అట్టి మూతిపై ఎంతటి నేర్పరియు మంచి ఫ్లేరు చేయలేడు.

కట్టరు కొనునపుడు దొర్లు కణికలను చూడుడు. మంచివానిలో ఆ కణికలకు నడుమ సన్నని గాడి యుండును. పాత ఫ్లేరు చెడినపుడు విప్పారిన భాగము ఆ గాడిలో కూర్చుండగా, గొట్టము ఎక్కువ పోకుండ కొనయొద్దనే కోయవచ్చును. చిన్న సౌకర్యమే, కాని పొడవు కురచయై ఇబ్బందిపడు గొట్టములయందు దాని విలువ తెలియును.

కట్టరు లేనివారు రంపముతో కోయుట కలదు. తప్పనిసరియైనచో అంగుళమునకు 32 పండ్లు గల సన్నని రంపపు బ్లేడుతో, గొట్టము మూతిని క్రిందికి వంచి కోయవలెను. పిమ్మట ఆకురాయితో అడ్డముగా సమము చేయవలెను. అయినను ఈ పద్ధతిని మేము మెచ్చము. రంపపు పొడి గొట్టములోనికి పోవును. ఇంజెక్షను పంపులో దండమునకును దాని గదికిని నడుమనుండు సందు కొద్ది మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. వడపోత దాటి నట్టి గొట్టమున మిగిలిన రాగి పొడి సూటిగా అచ్చటికే చేరును. చవుకగా కోసిన కోతకు పంపు వెల చెల్లించుకొనవలసి వచ్చును.

రెండవ పనిముట్టు చిన్నది. కనుకనే దానిని అందరును విడిచిపెట్టుదురు. చక్రముతో కోసినపుడు గొట్టపు అంచు కొంత లోనికి మడుగును. మెకానిక్కులు దీనిని బర్రు అందురు. వ్రేలు పెట్టి చూచిన పదునుగా తగులును. దీనిని తీయుటకు రీమరు వాడవలెను. కొన్ని కట్టరులకు వెనుక మూడు మూలల బిళ్లగా మడచియుండునది ఇదియే. గొట్టపు మూతిని నేలవైపునకు వంచి పట్టుకొని, రీమరును మెల్లగా రెండు మూడు మారులు త్రిప్పిన చాలును. రాలిన పొడి క్రిందనే పడును. బర్రును తీయక ఫ్లేరు చేసినచో ఆ మడత విప్పారిన ముఖముమీదికి వచ్చి, నున్నగా నుండవలసినచోట గీతలును గట్లును ఏర్పడును. మూతి అంచున చీలికయు పుట్టును. అట్లని మిక్కిలి గీకరాదు. అంచు కాగితమువలె పలుచబడినచో నట్టు నొక్కుడునకు నిలువదు. లోపలి అంచు గొట్టపు సహజమైన దళసరికి వచ్చినంతట నిలుపవలెను.

ఇప్పుడు నట్టును గొట్టముపై ఎక్కించవలెను. ఇది వ్రాయవలసిన మాటయా యని కొందరు నవ్వుదురు. కాని ఫ్లేరు ముగించి, దాని సొంపు చూచి సంతోషించి, నట్టు బల్లపైననే యున్నదని అప్పుడు గమనించువారు ప్రతి మెకానిక్కు కొట్టునందును కలరు. విప్పారిన మూతిమీదుగా నట్టు ఎక్కదు. కోసి మరల మొదలుపెట్టవలసినదే. నట్టు మరలున్న ప్రక్క గొట్టపు మూతివైపునకు ఉండవలెను.

రాగి గుణమును గురించి కొంత తెలియనిదే తరువాతి పని బోధపడదు. కంచరి బిందెను సాగగొట్టునపుడు నడుమ నడుమ కొలిమిలో పెట్టి కాల్చుట చూచియుందురు. రాగిని ఎంత కొట్టినను, వంచినను అంత గట్టిపడును. గట్టిపడినది ఇంకను సాగదీసినచో చీలును. ఎఱుపు తిరుగునట్లు కాల్చినచో మరల మెత్తబడును. ఇక్కడ కమ్మరి పనికిని కంచరి పనికిని భేదము కలదు. కమ్మరి కొడవలిని ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచగానే ఉక్కు గట్టిపడును. రాగి అట్లు కాదు. నీటిలో ముంచినను, గాలికి ఆరనిచ్చినను మెత్తగానే యుండును. ఇంజను అదురునకు ఏండ్ల తరబడి లోనైన గొట్టమును, ఒకటి రెండు మారులు వంచి తీసిన గొట్టమును గట్టిపడియుండును. దాని కొనను మాత్రము రెండంగుళముల మేర నీడలో లేత ఎఱుపు కనబడునంత వరకు కాల్చి, చల్లార్చి, పైనను లోపలను ఏర్పడిన నల్లని పొరను గీకి తుడిచి వాడవలెను. కాల్చుటకు ముందు గొట్టమును ఇంజనునుండి విప్పి, డీజిలు తడి పూర్తిగా పోగొట్టి, తొట్టికి దూరముగా తీసికొనిపోవుట మరువరాదు. రాగి 1,085 డిగ్రీలకు గాని కరగదు. కనుక భయపడనక్కరలేదు గాని, ఎఱుపు దాటి పసుపు తిరుగువరకు కాల్చిన గొట్టము బిరుసై పాడగును.

శీతల యంత్రపు గొట్టములకు ఈ కాల్చుట పనికిరాదు. ఆ నల్లని పొర లోపల రాలి కంప్రెసరునకు చేరును. చుట్టలుగా వచ్చు క్రొత్త గొట్టము మెత్తగానే యుండును గనుక దానినే వాడవలెను. చుట్టను ప్రక్కకు లాగి విప్పక, బల్లమీద దొర్లించుచు విప్పిన యెడల సొట్టలు పడవు.

మూడవ పనిముట్టు ఫ్లేరింగు టూలు. అన్నింటిలో ముఖ్యమైనది ఇది. దీనియందు రెండు భాగములు కలవు. ఒకటి, నిలువునా రెండుగా చీలిన ఉక్కు పలక. దానిలో వరుసగా వేర్వేరు కొలతల రంధ్రములుండును. ప్రతి రంధ్రపు పై అంచు 45 డిగ్రీల వాలుతో చెక్కబడియుండును. రెండవది, ఆ పలకను పట్టుకొను కొక్కెపు చట్రము. దాని నడుమ మరతో దిగు శంకువు. గొట్టమును తగిన రంధ్రమున నుంచి, పలకను రెండు చెవుల నట్లతో బిగించి, చట్రమును ఎక్కించి, శంకువును త్రిప్పి దింపినచో మూతి విప్పారును.

ఇందు నేర్పంతయు గొట్టము పలకపైన ఎంత మిగిలియుండవలెనను దానిలో నున్నది. తక్కువైనచో ఫ్లేరు చిన్నదై నట్టుక్రింద పట్టు చాలదు. అదురునకు ఒకనాడు ఊడివచ్చును. ఎక్కువైనచో ఫ్లేరు పెద్దదై అంచు చీలును, లేదా నట్టులోని మరలకు తగిలి లోనికి పోదు. సాధారణపు టూలుతో పావు అంగుళపు గొట్టమునకు మిల్లీమీటరు మొదలు మిల్లీమీటరున్నర వరకు పైకి ఉంచుట వాడుక. పట్టు చాలినంతట తనంతట జారు క్లచ్చి గల టూలులు కొన్ని వచ్చినవి. వానిలో ఇంతకంటె తక్కువ, అర మిల్లీమీటరు లోపుగా ఉంచవలెను. టూలుతో వచ్చిన కాగితమున వ్రాసియున్న కొలతయే ప్రమాణము. ఆ కాగితమును పారవేయక డబ్బాలోనే ఉంచవలెను.

బిగించునపుడు గొట్టమునకు దగ్గరనున్న చెవి నట్టును ముందు బిగించి, దూరపుదానిని తరువాత బిగించిన పట్టు గట్టిగా దొరకును. శంకువునకు ఒక చుక్క నూనె రాయవలెను. పాల యంత్రమైనచో ఆ కంప్రెసరునకు వాడు నూనెయే రాయవలెను గాని కొట్టున దొరికినది కాదు. శంకువును ముప్పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు, ఇట్లు తడవ తడవకు త్రిప్పుచు దింపినచో రాగికి సర్దుకొను వ్యవధి కలుగును. చివర దిగినపిదప బలము చూపరాదు. పలకకును శంకువునకును నడుమ రాగిని నలిపినచో మూతి పలుచనై మొదటి బిగింపునకే తెగును. కొన్ని మంచి టూలులలో శంకువు నడిమికి కొంచెము ప్రక్కగా కూర్చబడి, దొర్లుచు మూతిని సాగదీయును. వానితో చేసిన ముఖము అద్దమువలె నుండును. వెల ఎక్కువయే యైనను, పాల యంత్రములు గల సంఘములు ఇట్టిదానినే కొనుట యుక్తమని మా యభిప్రాయము. ఇంజను పనికి మాత్రమైనచో సాధారణపుది చాలును.

పూర్తియైన మూతిని వెలుతురులో త్రిప్పి చూడవలెను. ముఖము చుట్టును ఒకే వెడల్పుగా నుండవలెను. ఒక ప్రక్క వెడల్పు, ఒక ప్రక్క సన్నము అయినచో గొట్టము అడ్డముగా తెగలేదని యర్థము. గీత గాని, అంచున చీలిక గాని, పలక పట్టిన లోతు గాటు గాని ఉండరాదు. నట్టును జరిపి చూచినచో విప్పారిన మూతి నట్టు అడుగున సరిగా కూర్చుండి, మరలను తాకకుండవలెను. లోపము కనబడినచో కోసి మరల చేయవలెను. పోవునది అరంగుళపు రాగి మాత్రమే.

ఇక బిగింపు. నట్టును మొదట చేతితోనే ముందుకు నడపవలెను. రెండు చుట్లకే పట్టివేసినచో మర తప్పినదని తెలిసికొని వెనుకకు విప్పవలెను. పిమ్మట రెండు పానాలు కావలెను: ఒకటి ఫిట్టింగును కదలనీయకుండ పట్టుకొనుటకు, రెండవది నట్టును త్రిప్పుటకు. ఒక్క పానాతో త్రిప్పినచో గొట్టము మెలిపడును. శీతల యంత్రములలో పావు అంగుళపు నట్టునకు 14 మొదలు 18 న్యూటను మీటర్ల బిగింపు చాలునని నిర్ణయము. మన భాషలో చెప్పవలెనన్న, ఒక జానెడుకంటె కొంచెము తక్కువగా, 15 సెంటీమీటర్ల దూరమున పానాను పట్టుకొని, పది కిలోల బరువు వ్రేలాడదీసినంత ఒత్తుడు. ఇది చేతి బలముతో పోల్చిన ఎంత స్వల్పమో చూడుడు. రెండడుగుల పానాకు ఒళ్లంతయు వ్రేలాడి బిగించువారు నట్టును గాదు, మూతిని నలుపుచున్నారు. కారుచున్న ఫ్లేరు ఈ మాత్రపు బిగింపునకు ఆగనిచో, విప్పి మూతిని చూచుటయే మార్గము.

ఫ్లేరు లేకుండ అతుకు వేయు పద్ధతి ఒకటి కలదు. గొట్టముపై ఇత్తడి ఉంగరమొకటి ఎక్కించి నట్టుతో నొక్కినచో ఆ ఉంగరము గొట్టమును కరచి పట్టును. దీనికి ఫ్లేరింగు టూలు అక్కరలేదు. కాని అడ్డముగా కోయుట, బర్రు తీయుట ఇందును తప్పవు. చేతితో బిగిసిన తరువాత సాధారణముగా ఒక చుట్టు మొదలు చుట్టుంబావు వరకు త్రిప్పిన చాలును. తొందరకు ఇది మంచిది. కాని ఉంగరమున్నచోట గొట్టము మరల వాడుకకు రాదు. అదురు ఎక్కువగల ఒంటి సిలిండరు ఇంజనులకు ఫ్లేరే నమ్మకము. కొన్ని ఇంజనులలో గొట్టపు కొన ఉంగరపు తలగా నుండి, బోలు బోల్టుతో, ఇరుప్రక్కల రాగి వాషరులతో బిగింపబడును. అచ్చట కారినచో ముందుగా ఆ వాషరులను చూడవలెను. అవియు బిగించి బిగించి గట్టిపడియుండును. పైన చెప్పినట్లు ఎఱ్ఱగా కాల్చి మెత్తబరచి వాడవచ్చును, క్రొత్తవి వేయుట ఇంకను మేలు.

గొట్టమును గొట్టములోనే దూర్చి అతుకుటకు స్వేజింగు టూలు అను దండము కలదు. దానితో ఒక మూతిని రెండవ గొట్టము పట్టునంత వెడల్పు చేయుదురు. లోతు ఇంచుమించు గొట్టపు వ్యాసమంత. తరువాత వెండి కలిసిన కడ్డీతో మంటపై అతుకవలెను. ఇది శీతల యంత్రపు పనివాని చేతిలో నుండదగిన పని. సభ్యులు దీనికి పూనుకొనవద్దు.

గొట్టమును వంచుటకు తీగచుట్టవంటి స్ప్రింగు గాని, పిడిగల వంపు టూలు గాని వాడవలెను. చేతితో మోకాలిపై వంచినచో లోపలి ప్రక్క నలిగి దారి మూసికొనును. చేతితో వంచక తప్పనిచో వంపు వ్యాసార్ధము గొట్టపు వ్యాసమునకు అయిదారు రెట్లకు తగ్గరాదు. ఇంజను దగ్గర గొట్టమును బిగుతుగా తిన్నగా లాగక, ఒక పూర్తి చుట్టు త్రిప్పి ఉంచుట పూర్వపు మెకానిక్కుల పద్ధతి. ఇది అలంకారము కాదు. అదురును ఆ చుట్టు మ్రింగును. మూతి చెడినపుడు అరంగుళము కోసికొనుటకు పొడవును మిగులును.

రాగి వాడరాని చోట్లను చెప్పక విడిచినచో ఈ పాఠము హానికరమగును. ఇంజెక్షను పంపునుండి ఇంజెక్టరునకు పోవు లావు దళసరి గొట్టము ఉక్కుది. అందలి ఒత్తిడి వందల కిలోలు. దానిని ఏనాడును రాగితో మార్చరాదు. ఆ అతుకు కారుచున్నదేమో యని ఇంజను నడచుచుండగా వ్రేలు పెట్టి చూడరాదు. సన్నని ధారగా వెడలు డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిపోటంత గాయమే కనబడినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. వెల్డింగునకు వాడు ఎసిటలీను వాయువునకు రాగి గొట్టము వాడినచో ప్రేలుడు పదార్థము పుట్టును. అమోనియాతో నడచు పెద్ద మంచు కర్మాగారములలో ఇనుప గొట్టములే యుండును. అమోనియా రాగిని తినివేయును. బయోడీజిలు నిలువయుంచు తొట్లకును రాగి తగదు. ఆ నూనె త్వరగా చెడును. పాలు స్వయముగా రాగిని తాకినచో రుచి చెడును గనుక, పాల యంత్రములో రాగి గొట్టము వాయువునకే గాని పాలకు కాదు.

అతుకు ముగిసిన తరువాత పరీక్ష. ఇంజనునందు వడపోత నట్టు, పిమ్మట పంపు నట్టు వదులుచేసి గాలి బుడగలు పోవువరకు నూనెను రానిచ్చి, మరల బిగించి, అతుకును గుడ్డతో తుడిచి, క్రింద తెల్ల కాగితమును పరచి అరగంట నడుపవలెను. శీతల యంత్రమునకు నైట్రోజను ఒత్తిడి నింపి, సబ్బు నురుగు రాచి బుడగలను చూచుట పద్ధతి. నైట్రోజను దొరకలేదని వెల్డింగు సిలిండరులోని ఆక్సిజను నింపుట ప్రాణాంతకము. నూనెతో కలిసి ఆక్సిజను ప్రేలును. వాయువును బయటికి వదలుటయు తగదు. పాత వాయువులు ఆకాశముననున్న ఓజోను పొరను చెరచుచున్నవని 1987లో మాంట్రియాలు నగరమున దేశములు ఒడంబడిక చేసికొన్నవి. తరువాతివి భూమిని వేడెక్కించుచున్నవని 2016లో కిగాలి నగరమున దానిని సవరించుకొన్నవి. ఇప్పుడు వచ్చు ప్రొపేను, ఐసోబ్యుటేను వాయువులు వంటగ్యాసువలె మండును. యంత్రముపై నున్న చీటిని చదివి, అందే వాయువున్నదో తెలిసికొనక అగ్గిపుల్ల గీయరాదు.

సంఘము కొనదగినవి: గాడిగల కట్టరు ఒకటి, దానికి అదనపు చక్రములు రెండు, రీమరు, ఫ్లేరింగు టూలు, స్ప్రింగు వంపులు మూడు కొలతలవి, తగిన పానాలు ఒక జత, వెర్నియరు కొలబద్ద. అన్నియు ఒక ఇనుప పెట్టెలో ఇముడును. వీనిని అడిగినవారికెల్ల ఎరువిచ్చుట మాకు సమ్మతము కాదు. స్ప్రేయరులు, తాడిపత్రి పట్టాలు ఎరువిచ్చినట్లు దీనిని ఇచ్చినచో, ఎవరో ఒకరు ఆ కట్టరుతో ఇనుప కడ్డీ కోయుదురు. చక్రము అంచు పొక్కిపోవును. తరువాతివాని రాగి గొట్టమున రెండు గీతలు పక్కపక్కన పడి మూతి వంకరయగును. కావున పెట్టెను పని నేర్చిన యువకునితో కూడ పంపవలెను. కూలి సంఘము నిర్ణయించి పుస్తకమున వ్రాసికొనవలెను. పెట్టె తిరిగి వచ్చినపుడు గుమాస్తా ఒక పాత రాగి ముక్కను కోసి చూడవలెను. గీత మొదటి చుట్టు ముగియునపుడు మొదలైనచోటనే కలిసినచో చక్రము బాగున్నది. మరచుట్టువలె ప్రక్కకు జరిగినచో చక్రమును మార్చి గాని మరల ఎవరికిని పంపరాదు.